చంక కింద కుట్టు

మా అత్తగారి మీద ఫిర్యాదు చేయక తప్పడం లేదు. కుట్టుపనిలో ఆవిడకు మా వీధిలో తిరుగులేదు. ఆవిడ కుట్టిన గుండీ ఊడేలోపు చొక్కాయే చచ్చిపోతుంది. అలాంటి మనిషి ఒకే ఒక్కసారి, బుద్ధిపూర్వకంగా పని చెడగొట్టారు. కన్నకొడుకని కూడా చూడలేదు.

అవి మా ఊరు శుద్ధి అవుతున్న రోజులు. మూడు తరాలుగా ఇక్కడ పుట్టనివాడు పరాయివాడని శుద్ధి దళం ప్రకటించింది. దళనాయకుడు కిందటేడే ఊళ్లోకి దిగాడు గనక ఈ నియమం ఆయనకు వర్తించదని సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఊరికి పట్టిన దరిద్రమంతా మా పక్కింటి వాచీలాయన వల్లేనని తేలింది. వానలు ఆలస్యమైనా ఆయనే, పాలు విరిగినా ఆయనే. ఆదివారం కవాతు చేసి, ఆయన్నీ ఆలుబిడ్డల్నీ ఇంట్లోంచి గెంటేయాలని నిర్ణయించారు. కవాతుకు వేళ తెలియాలి కదా. దళం ఆఫీసులో గడియారం ఆగిపోతే శనివారం ఆయన చేతే బాగుచేయించుకున్నారు. క్రమశిక్షణ అంటే అదీ.

మావారికి ముందు వరసలో చోటు దక్కింది. తలుపు కొట్టే గౌరవం కూడా ఆయనదే. దళమంతటికీ యూనిఫారాల గుడ్డ తెచ్చి తల్లి ముందు పడేశారు.

"ఆ పక్కింటాయన నీకేం చేశాడ్రా?" అన్నారు అత్తగారు.

"నాకేం చెయ్యలేదమ్మా. ఇది సిద్ధాంతం."

"ఓహో. మరి వందనానికి చెయ్యి ఎంత లేపాలి?"

మావారు గర్వంగా కుడిచెయ్యి చాచి లేపారు. పైన వేలాడే దీపం ఊగింది. ఆవిడ టేపు పట్టుకుని, "ఇంకొంచెం లేపు నాయనా. ఆఁ, చాలు" అన్నారు.

నేను కాజాలు కుట్టాను. ఆవిడ ప్రతి చొక్కాకీ చంక కింద మిషను కుట్టు విప్పేసి, వదులుగా నాలుగు టాకాలు వేసి వదిలేయడం చూశాను. ఏమీ అనలేదు. కోడలు అత్తకు ఎదురు చెప్పకూడదు కదా.

ఆదివారం దళం బారులు తీరింది. నాయకుడు "మన నేల, మన గాలి, మన కాలం" అని ఉపన్యసించి, చివర "వందనం" అని గర్జించాడు. చేతులన్నీ ఒక్కసారిగా లేచాయి. చొక్కాలన్నీ ఒక్కసారిగా పర్రుమన్నాయి. అంతటి ఐకమత్యం దళం చరిత్రలో మళ్లీ కనబడలేదు.

మొదట నవ్వింది రొట్టెల కొట్టావిడ. ఆ నవ్వు కిటికీ కిటికీకీ అంటుకుంది. నెలల తరబడి తలుపులేసుకుని బతికిన జనం వీధిలోకొచ్చారు. దళం వాచీలాయన గుమ్మం దాకా నడిచింది గాని, తలుపు కొట్టాలంటే చెయ్యి లేపాలి. మావారు మోచేతులు డొక్కలకు అదుముకుని నిలబడ్డారు.

"కొట్టవయ్యా" అన్నాడు నాయకుడు.

"మీరు కొట్టండి" అన్నారు మావారు.

ఈలోగా రొట్టెల కొట్టావిడ కుర్చీ తెచ్చుకుని ఆ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. పక్కనే మా అత్తగారు సూదీ దారంతో చతికిలబడ్డారు. "విప్పి ఇవ్వండి నాయనా, ఇక్కడే కుట్టేస్తా" అన్నారు. విప్పాక చూస్తే అందరూ మాకు తెలిసినవాళ్లే.

దళం మళ్లీ బారులు తీరలేదు. ఇప్పుడు ఆ రోజు గుర్తుగా ఏటా సభ జరుగుతుంది. "ఈ వీధిలో ప్రతి ఒక్కరూ ఆనాడే ఎదిరించారు" అని అధ్యక్షులవారు ఏటా సెలవిస్తారు. వాచీలాయన ముందు కుర్చీలో కూర్చుని, నెరిసిన తల ఊపుతూ వింటారు. మీరూ ఎదిరించే ఉంటారు, నాకు అనుమానం లేదు.

మొన్నటి సభలో అత్తగారిని రెండు ముక్కలు మాట్లాడమన్నారు.

"అందరూ ఎదిరించారంటున్నారు, సంతోషం. మరి అన్ని చొక్కాలు నేనెవరికి కుట్టినట్టు? తొడుక్కున్నవాళ్లు ఓసారి చెయ్యెత్తండి."

ఈసారి ఎవరి చంక కిందా టాకాలు లేవు. అన్నీ గట్టి కుట్లే. అయినా ఒక్క చెయ్యీ లేవలేదు. జనం నేలకేసి చూశారు. అధ్యక్షులవారు వాచీ చూసుకున్నారు.

నా పక్కన మావారు కదిలారు. మళ్లీ ఎక్కడ చిరుగుతుందో అన్నట్టు, చెయ్యి మెల్లగా సగం దాకా లేచింది.

"నేను తొడుక్కున్నానమ్మా" అన్నారు. తర్వాత వాచీలాయన వైపు తిరిగారు. "మీ తలుపు కొట్టడానికొచ్చింది నేనే. సిద్ధాంతమూ కాదు, ఏమీ కాదు. తప్పు నాది."