ఎలుగుబంటి కన్ను తెరిపించే విధానం

మూడేళ్ళ పిల్లకు ఈ లోకంలో మొట్టమొదటి బాధ్యత తాకడం. ఈ మాట నాది కాదు, కథాస్పర్శ పథకం మార్గదర్శకాల మొదటి పేజీలో ఉంది. తాకడం అంటే ఏమిటో రెండో పేజీలో నిర్వచించారు. కుడిచేతి చూపుడువేలితో, పొడిగా ఉన్న వేలితో, ఒక సెకనుకు తగ్గకుండా, రెండు సెకన్లకు మించకుండా. (ఎడమచేతివాటం పిల్లల గురించి ప్రత్యేక ఉత్తర్వులు వెలువడతాయని అడుగున ఉంది. ఇంకా వెలువడలేదు. ఆ పిల్లలు ఓపిగ్గానే ఉన్నారు.)

దర్శి దగ్గర మా ఊళ్ళో ప్రాథమిక పాఠశాల, అంగన్‌వాడీ కేంద్రం ఒకే ఆవరణలో ఉన్నాయి. మధ్యలో ఒకటే గోడ. గోడకు ఇటు నేను మూడో తరగతికి పాఠం చెబుతాను. గోడకు అటు నా భార్య ఫెబా అంగన్‌వాడీ టీచరు. ఆయా వీరమ్మ, ఇరవై ఇద్దరు పిల్లలు ఆమె వైపు. కిందటి జనవరిలో ఆ ఇరవై ఇద్దరికీ కలిపి ఒక ట్యాబ్ వచ్చింది. అందులో ఒక పుస్తకం ఉంది. పుస్తకం అని మర్యాదకు అంటున్నాను. అది మాట్లాడుతుంది, పాడుతుంది, తాకితే అందులో బొమ్మలు కదులుతాయి. తాకకపోతే పేజీ తిరగదు. ఎవరు ఎన్నిసార్లు తాకారో ప్రతి సాయంత్రం ఒంగోలులోని జిల్లా కార్యాలయానికి దానంతటదే చెప్పేస్తుంది. ఆ లెక్కను స్పర్శ శాతం అంటారు.

మొదటి పేజీలో ఒక ఎలుగుబంటి నిద్రపోతూ ఉంటుంది. "ఎలుగన్న కన్ను తాకండి! ఎలుగన్నను లేపండి!" అని పట్నం గొంతు ఒకటి చెబుతుంది. కన్ను తాకితే ఎలుగు లేస్తుంది, కథ మొదలవుతుంది.

మొదటి రోజు ఎవరూ కదల్లేదు. ఇరవై ఇద్దరూ చేతులు వీపు వెనక్కి పెట్టుకుని కూర్చున్నారు.

"ఏం అనీసా, నువ్వు తాకవా?" అంది ఫెబా.

"కంట్లో చెయ్యి పెట్టకూడదు టీచర్. మండిద్ది."

"అది బొమ్మ కదమ్మా."

"బొమ్మకి మండదా?"

వెనకనుంచి ఏసోబు కల్పించుకున్నాడు. "పడుకోనీ టీచర్ పాపం. పొద్దున్నే కోతకి పోవాలేమో."

పథకం రాసినవారికి తెలియని సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. మిరప కోతల రోజుల్లో మా తల్లులు పొలం నుంచి వచ్చి బిడ్డను అరచేతులతో ఎత్తుకోరు, మణికట్లతో ఎత్తుకుంటారు. కళ్ళు నలుపుకోకూడదని, ఎవరి కళ్ళూ ముట్టుకోకూడదని మా పిల్లలు అమ్మా అనకముందే నేర్చుకుంటారు. వాళ్ళకు వచ్చిన మొదటి చదువు అది. పథకం వాళ్ళకు ఇచ్చిన మొదటి పరీక్ష ఆ చదువు మర్చిపోవడం. ఇరవై ఇద్దరూ తప్పారు.

ఆ వారం మా కేంద్రం స్పర్శ శాతం సున్నా. యాప్‌లో మా ఊరి పేరు పక్కన ఏడుస్తున్న ఎలుగుబంటి బొమ్మ వచ్చింది. (దాని కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి.) రెండో వారం పిల్లలందరినీ 'స్పర్శ విముఖులు' అనే జాబితాలో చేర్చి, దర్శి తీసుకువెళ్ళి పరీక్ష చేయించమని తల్లిదండ్రులకు సందేశాలు పంపారు.

యలమందయ్య అనే రైతు ఆ సందేశం పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"మాస్టారూ, మా మనవరాలికి రోగమంట. ఏం రోగమండీ?"

"తాకడం లేదట."

"దేన్ని?"

"ఎలుగుబంటిని."

ఆయన ఫోను వైపు మరోసారి చూశాడు. "మా రోజుల్లో తాకితే కొట్టేవోళ్ళు. ఇప్పుడు తాకకపోతే ఆస్పత్రికా?" అని ఫోను జేబులో పెట్టుకుని, బడి ఆవరణలో ఆరబోసిన తన మిరపకాయలు తిరగేయడానికి వెళ్ళిపోయాడు.

ఫిబ్రవరిలో మండల స్పర్శ సమన్వయకర్త చైతన్యకృష్ణ తనిఖీకి వచ్చాడు. ఇంజినీరింగ్ చదివిన కుర్రాడు. మర్యాదస్తుడు. లోపలికి వస్తూ ఆవరణలో ఎర్రగా ఆరుతున్న కాయల దగ్గర ఆగాడు. ఒకటి తీసి విరిచి వాసన చూసి, "ఘాటు బాగుందండీ, ఏ రకం?" అని అడిగాడు. తర్వాత పిల్లల ముందు కూర్చుని ట్యాబ్ ఒళ్ళో పెట్టుకున్నాడు.

"చూడండి పిల్లలూ, అంకుల్ తాకుతున్నాడు. ఎలుగన్న లేచాడా? ఏమన్నా అయ్యిందా? ఏం కాలేదుగా!"

అంటూ నుదుటి చెమట తుడుచుకున్నాడు. ఆ చేయి కంటి మీదుగా కిందికి వచ్చింది.

పిల్లల్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు. అనీసా లేచి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చింది. "చెప్పాంగా," అన్నాడు ఏసోబు. వీరమ్మ అతని తల వెనక్కి వంచి కన్ను కడుగుతూ, "రెప్పలార్పు నాయనా, ఆర్పు, నలపమాకు," అంటూ నిలబడింది. తనిఖీ నివేదికలో ఈ సంఘటన ఇలా నమోదైంది: 'పరికరపు వెలుతురు ఎక్కువగా ఉన్నందున పరిశీలకునికి కంటి అసౌకర్యం కలిగినది.'

అయితే ఒక కన్నుతోనే అయినా అతను ఒక మేలు చేశాడు. "యాప్‌లో స్థానిక స్వరం అని ఒక ఆప్షన్ ఉంది మేడమ్. మీ గొంతుతో చదివి రికార్డు చేసుకోవచ్చు. జిల్లాలో ఎవరూ వాడలేదు. మీరు చెబితే వింటారేమో," అన్నాడు.

ఫెబా ఆ మధ్యాహ్నమే చదివింది. ఇచ్చిన వాక్యాలన్నీ ఉన్నవి ఉన్నట్టుగా చదివింది. ఒక్క చోట తప్ప. "ఎలుగన్న కన్ను తాకండి" అనేముందు ఆమె ఇలా అంది: "ముందు చేతులు కడుక్కుని రండి నాన్నా. కడిగారా? ఏదీ, వాసన చూడనీండి. నా కొంగుకు తుడుచుకోండి. ఇప్పుడు మెల్లగా."

పిల్లలు లేచారు. బారులు తీరి వెళ్ళి కడుక్కుని వచ్చారు. వాసన చూపించారు. కొంగుకు తుడుచుకున్నారు. తాకారు. ఎలుగుబంటి లేచింది.

స్పర్శ శాతం నూటికి నూరు అయింది. దాంతో ఒంగోలు కార్యాలయానికి అనుమానం వచ్చింది. స్వరం ఆదేశించాక తొలి స్పర్శకు నాలుగు నిమిషాల పది సెకన్లు పడుతోందని, ఈ జాప్యానికి సంజాయిషీ ఇవ్వాలని మెమో పంపింది. ఫెబా ఒక వాక్యం రాసి పంపింది. 'కుళాయి వీధి చివర ఉంది.' నా ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో నేను చూసిన సంజాయిషీల్లో దిద్దవలసింది ఏమీ లేనిది అదొక్కటే.

జులైలో ఆమె చనిపోయింది. ఆరు రోజుల జ్వరం.

కొత్త టీచరును ఇంకా వేయలేదు. కేంద్రం నడపడం వీరమ్మకు, కథ చెప్పడం ట్యాబ్‌కు అప్పగించారు. ఉదయం పది ఇరవైకి వీరమ్మ ట్యాబ్ మీట నొక్కుతుంది. గోడకు అటునుంచి "కడిగారా?" అని వినబడుతుంది. "కడిగాం టీచర్!" అని ఇరవై రెండు గొంతులు. "నా కొంగుకు తుడుచుకోండి" అన్నచోట వీరమ్మ తన కొంగు అందిస్తుంది. (ఈ ప్రత్యామ్నాయ ఏర్పాటుకు ముందస్తు అనుమతి తీసుకోలేదు.) ఆ వేళకు నేను మూడో తరగతికి చూచిరాత ఇస్తాను. చూచిరాతలో నేను మాట్లాడవలసిన అవసరం ఉండదు.

సెప్టెంబరులో ట్యాబ్ తెర మీద ఒక ప్రకటన వచ్చింది. స్థానిక స్వరం ఇచ్చినవారు ఆరు నెలలకొకసారి సజీవ ధ్రువీకరణ చేసుకోవాలి. కెమెరా ముందు ముఖం చూపి రెండుసార్లు రెప్పలార్పాలి. పదిహేను రోజుల్లో ఆర్పకపోతే ఆ స్వరాన్ని తొలగించి ప్రామాణిక స్వరాన్ని పునరుద్ధరిస్తారు. ప్రామాణిక స్వరం అంటే ఆ పట్నం గొంతు.

మొదటి రోజు వీరమ్మ తన ముఖం పెట్టి చూసింది. 'ముఖం సరిపోలలేదు' అంది ట్యాబ్.

"సరిపోద్దని నేను మాత్రం అన్నానా," అని వీరమ్మ దాన్ని బల్ల మీద పెట్టి, నా వైపు తిరిగింది. "ఒంగోలు పోయిరా మాస్టారూ. ఈ గొంతు పోతే మళ్ళీ చేతులు ఎనక్కి పెట్టుకుంటారు. మళ్ళీ ఈళ్ళకి రోగమంటారు." ఇంకేదో అనబోయి మానేసింది. ఆమె అననిది కూడా నిజమే.

ఒంగోలులో స్వర నిర్వహణ విభాగం రెండో అంతస్తులో ఉంది. అక్కడ నిశ్శబ్దం పాటించమని బోర్డు ఉంది. అదనపు స్వర నిర్వహణాధికారి రాజ్యం గారు నన్ను కూర్చోమన్నారు. పక్క బల్ల దగ్గర చైతన్యకృష్ణ లేచి నమస్కారం పెట్టాడు. అతన్ని ఈ మధ్యే ఇక్కడికి మార్చారట.

"ఆవిడను ఒక్కసారి తీసుకురండి మాస్టారూ. ఒక్క నిమిషం పని. రెండుసార్లు రెప్పలార్పితే చాలు," అన్నారు రాజ్యం గారు.

"ఆమె జులైలో చనిపోయిందండీ."

రాజ్యం గారు కీబోర్డు మీది చేతులు తీసేశారు. "అయ్యో," అన్నారు. ఆ అయ్యో నిజమైనదే. తర్వాత తెర వైపు చూశారు. "మరి ఇక్కడ కారణం ఏమని పెట్టమంటారు?"

తెర నా వైపు తిప్పారు. రాజీనామా, బదిలీ, పదోన్నతి, ప్రసూతి సెలవు, ఇతర దీర్ఘకాల సెలవు. ఆ తర్వాత ఏమీ లేదు.

"చనిపోవడం లేదాండీ?"

"లేదండీ. చిన్నపిల్లల యాప్ కదా, అలాంటి మాటలు ఎక్కడా ఉండకూడదని పైనుంచి ఆర్డరు."

ఆ ఐదింటిలో ఫెబా ఏది చేసిందో ఎంచవలసిన బాధ్యత నాది. రాజీనామా ఆమె చేయలేదు. బదిలీ అనవచ్చునేమో గానీ, బదిలీ అయినవారి స్వరం వెంటనే తీసేస్తారట. పదోన్నతికీ అంతే.

"దీర్ఘకాల సెలవు పెట్టించండి," అన్నాడు చైతన్యకృష్ణ మెల్లగా. "సెలవులో ఉన్నవాళ్ళ స్వరం తీయరు సార్. రెప్పలు కూడా వచ్చాకే ఆర్పొచ్చు."

"అయితే తిరిగి చేరే తేదీ వేయాలి. అది తప్పనిసరి," అన్నారు రాజ్యం గారు. "ఏదో ఒకటి వేసేయండి మాస్టారూ. వచ్చే ఏడు, ఆ పై ఏడు. ఎవరు చూడొచ్చారు."

తెలియనిది రాయవద్దని, తెలియకపోతే ఖాళీ వదలమని నేను మూడో తరగతికి చెబుతాను. ఖాళీ వదిలి చూశాను. ఫారం ముందుకు పోలేదు. తేదీ వేయడానికి చేయి రాలేదు. ఆ తేదీ వస్తుంది. ఆ రోజు కూడా పది ఇరవై అవుతుంది, ఆమె రాదు, గొంతు తీసేస్తారు. ఆ తేదీ వేసింది నేనై ఉంటాను.

కాగితం మీద దరఖాస్తు ఇవ్వవచ్చా అని అడిగాను. నిబంధనల్లో అది తీసేయడం మర్చిపోయారు కాబట్టి ఇవ్వవచ్చు అన్నారు. కాగితం తీసుకుని రాశాను. పేరు, ఊరు, కేంద్రం. సెలవు మొదలైన తేదీ. తిరిగి విధుల్లో చేరు తేదీ అన్నచోట, నలభై ఏళ్ళుగా ప్రతి ఆదివారం చర్చిలో నలుగురితో కలిసి పైకి చెబుతున్న మాటే రాశాను. 'పునరుత్థాన దినమున.' చనిపోయినవాళ్ళు లేచే రోజు అది, నా మట్టుకు అబద్ధం కాదు.

చైతన్యకృష్ణ కాగితం తీసుకుని చదివాడు. "ఇది ఈస్టర్ కదా సార్? ఏప్రిల్‌లో వస్తుంది. తేదీ చూసి నేనే వేసేస్తాను."

"ఈస్టర్ ఆయనది బాబూ. ఇది ఆమెది."

అతను కాగితం మళ్ళీ చదివాడు. రాజ్యం గారి వైపు చూశాడు. రాజ్యం గారు కిటికీ వైపు చూస్తున్నారు. చైతన్యకృష్ణ సొరుగులోంచి ముద్ర తీసి, 'స్వీకరించబడినది' అని ఒకసారి కొట్టాడు. సరిగ్గా పడలేదని మళ్ళీ కొట్టాడు.

పదహారో రోజు ఉదయం మూడో తరగతికి చూచిరాత పదింటికే ఇచ్చేశాను. పది ఇరవై అయింది. గోడకు అటు వీరమ్మ గాజుల చప్పుడు, ట్యాబ్ తెరుచుకుంటున్న చప్పుడు, పిల్లల్లో ఎవరో ఎవరినో జరగమనడం. తర్వాత కాసేపు ఏమీ లేదు. నా తరగతిలో ఒక పిల్ల పెన్సిల్ చెక్కుకుంటానని లేచి, నా ముఖం చూసి కూర్చుంది.

"ముందు చేతులు కడుక్కుని రండి నాన్నా."

ఆ తర్వాతి సోమవారం ఉత్తర్వు తపాలాలో వచ్చింది. సంతకం, ముద్ర, సంఖ్య అన్నీ సక్రమంగా ఉన్నాయి. అంగన్‌వాడీ కార్యకర్త శ్రీమతి ఫెబాకు పునరుత్థాన దినం వరకు దీర్ఘకాల సెలవు మంజూరు చేయడమైనది. అంతవరకు సదరు కార్యకర్త స్వరం యథాతథంగా కొనసాగును. పునరుత్థాన దినం ఆదివారం గానీ ప్రభుత్వ సెలవు దినం గానీ అయినచో, మరుసటి పనిదినాన ఉదయం తొమ్మిది గంటలకు తప్పక హాజరు కావలెను.

దీనికి నేను అభ్యంతరం ఏమీ రాయలేదు. ఆమె ఎప్పుడూ ఎనిమిదిన్నరకే వచ్చేది.