తాబేలుగారి బస్సు ఆఖరి స్టాపు

సిమెంటు గోడౌనులో లారీలు తూచే కాటా మాస్టరు ఆ ఉదయం లేస్తూనే జ్వరం తెచ్చుకోవాలని నిర్ణయించుకున్నాడు. పథకం చిన్నదే. తను మంచమెక్కుతాడు. భార్య కుట్టుషాపుకు వెళ్తుంది. అత్తగారు కంట్లో మందు వేసుకుని పడుకుంటుంది. పదింటికి ముందుగదిలో టీవీ, తను తప్ప ఇంకెవరూ ఉండరు.

పదింటికి ‘తాబేలుగారి బస్సు’ ఆఖరి భాగం వేస్తున్నారు. ఒక్కసారే వేస్తారని అక్క ఫోను చేసి చెప్పింది.

అది చిన్నప్పటి బొమ్మల కామెడీ. తాబేలు డ్రైవరు, నత్త కండక్టరు. దారి పక్క పాకే తీగ కూడా ఆ బస్సును దాటిపోయేది. ఒక ఉడుతపిల్ల అర టిక్కెట్టుతో ఎక్కి, రెండో స్టాపు వచ్చేసరికి మీసాలు దువ్వుకుంటూ కూర్చునేది. వెనక సీట్లో కాకి ఒకటి ఉండేది. "వచ్చేశామా?" అని అది అడిగితే, తాబేలు చాలాసేపు ఆలోచించి "బయల్దేరాం" అనేది. బొమ్మలకు వేసిన రంగులు గీత దాటి పోయేవి. చక్రాలు ఒక్కనాడూ గుండ్రంగా లేవు. నవ్వు నిదానంగా వచ్చేది, వచ్చాక సాయంత్రం దాకా పోయేది కాదు.

పిల్లలందరూ అదే వేళకు వేరే చానల్లో కత్తియుద్ధాల బొమ్మలు చూసేవాళ్ళు. దీన్ని చూసింది అక్కా తనూ మాత్రమేనేమో. ఇద్దరికీ ఒకే స్టూలు, చెరో అంచు. తర్వాత ఎవరిని అడిగినా అలాంటిది రాలేదన్నారు. "మీరిద్దరూ ఎండలో పడుకుని కలగన్నారు" అని భార్య తేల్చేసింది.

ఆఖరి భాగం వచ్చిన రోజు గాలికి యాంటెన్నా తిరిగిపోయింది. తను డాబా ఎక్కి దాన్ని పట్టుకున్నాడు. పట్టుకుంటే బొమ్మ వచ్చేది, వదిలితే పోయేది. కింద అక్క కాసేపు చూసి, టీవీ కట్టేసి పైకి వచ్చేసింది. "నువ్వు లేకుండా నేనెందుకు చూస్తానురా" అంది. బస్సు ఊరు చేరిందో లేదో ఇద్దరికీ తెలియకుండానే వయసు మీద పడింది.

ఈ మాట ఇంట్లో చెప్పి సెలవు పెట్టొచ్చు. కానీ పోయిన వారమే అత్తగారిని కంటి ఆపరేషనుకు తీసుకెళ్ళమని భార్య అడిగితే, "నేను లేకపోతే లారీ అంగుళం కదలదు" అని గొప్పగా చెప్పాడు. ఇప్పుడు తాబేలు కోసం సెలవంటే ఇంట్లో ఉండనిస్తారా?

భార్య నుదుటి మీద చెయ్యి వేసింది. "ఒళ్ళు చల్లగానే ఉందేంటండీ?"

"లోపల కాలిపోతోంది. నువ్వు షాపుకెళ్ళు."

"ఇంత జ్వరంలోనూ నా పని గురించే బెంగ!" ఆమె కళ్ళు తుడుచుకుంది. "ఇవాళ నేనూ మానేస్తాను."

"ముందుగదిలో పడుకుంటానే. గాలొస్తుంది."

"గాలే తగలకూడదు," అంటూ అత్తగారు నల్లకళ్ళద్దాలతో వచ్చి కిటికీ మూసింది. "టీవీ వంక అసలే చూడకు బాబూ, కళ్ళకు వేడి. నన్నూ డాక్టరు చూడొద్దన్నాడు." రెండు దుప్పట్లు కప్పి, గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది.

కాసేపటికి వీధిలో లారీ హారను మోగింది. కాటా గది తాళంచెవి మాస్టరు చొక్కా జేబులో ఉండిపోయింది. దాని కోసం డ్రైవరొకడు వచ్చాడు. రెండు దుప్పట్ల కింద చెమటతో తడిసిపోయిన మాస్టర్ని చూడగానే తాళంచెవి సంగతే మరిచిపోయాడు.

"మాస్టారూ! ఏంటి సార్ ఇలా అయిపోయారు?"

"ఏం లేదురా, నువ్వెళ్ళు."

"గొంతు కూడా మారిపోయింది," అని డ్రైవరు గోడౌనుకు పరుగెత్తాడు. అక్కడ అతను చెప్పింది కొంత, చెప్పేటప్పుడు ఏడ్చింది కొంత. తూకం లేనిదే లారీలు ఎలాగూ కదలవు. కదిలినవన్నీ మాస్టరింటి వైపే కదిలాయి. వీధి ఈ చివర నుంచి ఆ చివరకు సిమెంటు లారీలే. గోడౌనులో పిట్ట కూడా లేకపోవడం చూసి మేనేజరు స్కూటరేసుకుని వెనకే వచ్చాడు.

"ఏమయ్యా, నిజంగా జ్వరమేనా? ఒళ్ళు చేపలా చల్లగా ఉందే!"

"అది లోపలి జ్వరం సార్," అని తాళంచెవి మరిచిన డ్రైవరు అడ్డుపడ్డాడు. "బయటికి తేలదు. మా మామకు ఇలాగే వచ్చింది."

"మీ మామ ఎలా ఉన్నాడు?"

"ఆ సంగతి ఇప్పుడెందుకు లెండి సార్."

పది కావస్తుండగా, డ్రైవర్లతో నిండిపోయిన ముందుగదిలో ఫోను మోగింది. భార్య తీసింది. "వదినా, ఆయనకు జ్వరం... టీవీనా? పెట్టమంటారా? సరే, చూసి చెబుతాను."

తలుపు అవతల టీవీ పలికింది. ఆ పాట, ఆ హారను, చిన్నప్పటివే. మాస్టరు దుప్పటి అంచు కొరుకుతూ చెవులు రిక్కించాడు. ముందు ఒక డ్రైవరు కిసుక్కుమన్నాడు. తర్వాత నలుగురు. "వీడు మన గోడౌను డ్రైవరేరా!" అని ఎవరో అనగానే గది గొల్లుమంది. మేనేజరు దగ్గబోయి నవ్వాడు. గుమ్మంలో అత్తగారి కుర్చీ ఎప్పుడో అటు తిరిగింది. ఇన్నేళ్ళూ ఎవరూ చూడని బొమ్మను ఊరంతా చూస్తోంది, తను తప్ప.

"వదినా, చాలా బాగుంది!" అంటోంది భార్య ఫోనులో. "ఆయనా? లోపలున్నారు, చూడకూడదు... అదేంటి వదినా, మీరెందుకు కట్టేయడం? ‘వాడు లేకుండా చూడను’ అంటే ఎలా?"

మంచం కిర్రుమంది. దుప్పట్లు ఒక పక్క, మాస్టరు ఒక పక్క పడ్డారు. అత్తగారి కుర్చీ దాటి, తడిసిన బనియనుతో ముందుగది మధ్యకొచ్చి నిలబడ్డాడు.

"టీవీ కట్టేయొద్దని అక్కకు చెప్పు! నాకు జ్వరం లేదు, గిరం లేదు. ఇది చూద్దామనే మంచమెక్కాను. జరగండి!"

భార్య అతన్ని చూసింది, టీవీని చూసింది. సోఫా మీద కాస్త పక్కకు జరిగి ఫోను అతని చేతిలో పెట్టింది. "కల కాదన్నమాట," అంది మెల్లగా.

"పెట్టే ఉంచావా?" అన్నాడు మాస్టరు ఫోనులో.

"ఉంచాన్రా. మాట్లాడకు."

టీవీలో బస్సు ఆఖరి స్టాపుకు వచ్చేసింది. తలుపు తెరుచుకుంది. ఎవరూ దిగలేదు. మీసాలు నెరిసిన ఉడుత కిటికీలోంచి ఊరు చూసి మళ్ళీ కూర్చుంది. తాబేలు వెనక్కి తిరిగి, "వచ్చేశాం" అంది. కాకి చాలాసేపు ఆలోచించింది. "ఇంకొంచెం తిప్పు," అంది.

ఫోనులో అక్క ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. మాస్టరు కూడా అదే పని చేశాడు.

"ఇంకోసారి జ్వరమొస్తే ముందే చెప్పు బాబూ," అంది అత్తగారు నల్లద్దాల కింద తుడుచుకుంటూ. "చాపలు పరిచి ఉంచుతాం."

"వచ్చే వారం అమ్మను కళ్ళ డాక్టరు దగ్గరకు మీరే తీసుకెళ్తున్నారు," అంది భార్య. మాస్టరు తలూపాడు.

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "ఇంత బాగున్నదాన్ని అప్పట్లో ఎందుకు ఆపేశారయ్యా?"

"ఎవరూ చూడలేదు సార్."

"పనీపాటా ఉండేది కాబోలు జనానికి," అని మేనేజరు సోఫాలో ఇంకాస్త వెనక్కి వాలాడు. డ్రైవర్లు కూడా లేవలేదు.

ఆ పూట ఊళ్ళో ఒక్క గోడ కూడా లేవలేదు.