పిల్లమ్మ ఒంటికన్ను సమరం

ఇండూరు మగమహారాజులారా! ఆకాశానికి కూడా కంచె వేసిన ఘనులారా! ఈ తప్పు మీదే. తల దించుకొని వినండి!

ప్రపంచయుద్ధజ్వాలలలో దేశదేశములు కాలుచుండగా, రేషను కిరసనాయిలు దొరకక ఊరి లాంతర్లన్నీ మొగము వ్రేలవేసియుండగా, సాయంసంధ్యారాగము అడుగంటినంతనే, ఇండూరు బడి ముంగిట, ఆ బడి పంతులు సుందరరాజన్ వాత్యారు దూరదర్శినీమహాయంత్రమును ముక్కాలిపీఠమున ప్రతిష్ఠించి సింహనాదము చేసెను:

"మన పాలవెల్లికి ఆవల, ఇంకొక చుక్కల లోకంలో ఒక చుక్క పేలింది! దాని వెలుగు ఎన్నో యేండ్లు నడిచి వచ్చింది, మొన్ననే కనిపెట్టినారు. ఈ గొట్టం రేపు సేలం పోతుంది. చూసేవాళ్ళు ఈ పొద్దే చూడండి!"

మగవాళ్ళంతా ముందు దూరి, తనివితీరా చూసి, మీసాలు దువ్విరి. కట్టకడపట అజపాలికాశిరోమణి, వృకవిద్రావణప్రచండభుజ, పాలు పితికే పని సగంలో వదలి ఆ చుక్క కోసమే పరుగెత్తివచ్చిన పిల్లమ్మ వంతు వచ్చెను.

"ఒక కన్ను మూసుకొని చూడమ్మా."

అంతే! ఏటి ఇసుకలో దిగబడిన బండివలె ఆ వీరాంగన నిలిచిపోయెను. ఎదుట మామ శ్రీనివాసప్ప! పదిమందిలో ఆడది ఒక కన్ను మూస్తే ఈ ఊళ్ళో అది కన్ను కొట్టినట్టే.

రెండూ తెరిచెను: గొట్టము, గోడ, మామ మీసము ఏకమై కలగాపులగమయ్యెను. రెండూ మూసెను: బ్రహ్మాండమంతయు అంధకారబంధురము!

"ఏం పిల్లమ్మా, కన్ను చుక్కకు కొడతావా, మాకు కొడతావా?" అని మీసాల గుంపులోనుండి గోవిందరాజప్ప ఎగతాళిబాణము వేసెను.

శ్రీనివాసప్ప ఉరిమెను: "మన ఇంటి ఆడది కన్ను మూసేది నిద్రలోనే! అదీ రెండూ!"

"మబ్బు వస్తా ఉంది, బిరబిరా కానీండి," అని వాత్యారు మొత్తుకొనెను.

అప్పుడు పిల్లమ్మ కొంగు బిగించి గర్జించెను: "మామా! మేకపోతు కొమ్ములకే బెదరని దాన్ని, నీ మీసానికి బెదురుతానా? ఎన్నో యేండ్లు నడిచి ఆ వెలుగు మన ఊరికి వచ్చింది. ఎదురు పోవద్దంటావా? నేను మూస్తేనే కదా తప్పు! అత్తా, నీ చెయ్యి ఇటు తే!"

అత్త సరసమ్మ అరచేతిని లాగి ఎడమకన్నుపై కవచముగా కప్పుకొనెను. అయ్యో! అది అప్పుడే మిరపకాయ నూరి వచ్చిన చెయ్యి! కన్ను భగభగ మండెను, ముక్కు కారెను. అయినను ఆ ధీర గొట్టము వదలలేదు. కుడికంట, ఒలికిన మజ్జిగ మరకవలె ఆ చుక్కల లోకము. దాని అంచున రాగిగింజంత నలుసు!

"కనబడిందత్తా! రాగిగింజంత ఉంది!"

"ఇంతదానికా ఇంత రచ్చ?" అన్నది సరసమ్మ. మరుక్షణమే, "తప్పుకోమే, నేనూ చూస్తా. నా కన్ను నువ్వు మూయి."

మబ్బు కమ్మేసింది.

పిల్లమ్మ గెలిచింది! రాగిగింజంత గెలుపే, అయినా గెలుపే! సరసమ్మ వంతు తిన్నది మాత్రం మీరు. కాబట్టి ఆ గొట్టం రేపు సేలం పోకూడదు! పొద్దు గుంకగానే ముందు ఆడవాళ్ళు చూడాల. మగవాళ్ళంతా గోడవైపు తిరిగి నిలబడాల. నువ్వు మాత్రం కాదు శ్రీనివాసప్పా! చేతులు బాగా కడుక్కొని ముందుకు రా. నీ పెండ్లాం కన్ను నువ్వే మూయాల!