సెకండ్ల ముల్లు సాక్ష్యం

వీధిలో అందరూ టిక్కుటిక్కు బాబాయి అని పిలిచే గడియారాల మెకానిక్కుకి దేవుడిచ్చిన వరాలు రెండు. ఒకటి కళ్లజోడు, రెండోది దాన్ని అవసరాన్ని బట్టి తీసి పక్కన పెట్టే తెలివి.

దుకాణంలో కళ్లజోడు తీసి, చేతిగడియారాన్ని ముక్కుకి ఆనించుకున్నాడంటే ఆవగింజలో సగం లేని స్క్రూ ఎక్కడ వదులైందో ఇట్టే పట్టేస్తాడు. అదే మనిషి ఇంట్లో కళ్లజోడు తీస్తే మాత్రం గోడల మీద బూజు కనబడదు, మంచం కింద దుమ్ము కనబడదు, తను తాగి పెట్టిన గ్లాసు అసలే కనబడదు. పెళ్లయినప్పటి నుంచీ ఈ చూపుతోనే సుఖంగా కాపురం వెళ్లదీస్తున్నాడు.

ఆ ఆదివారం కూడా ఇల్లాలు బూజుకర్ర చేతికిచ్చిందో లేదో, ఆయన కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు.

"బూజా? ఎక్కడోయ్? నాకంతా మసకమసగ్గా ఉంది."

"మీ నెత్తి మీదే ఉంది. ఇంకాసేపు నిలబడితే మీకూ పడుతుంది."

"కనబడితే దులపనా? ఏం చేస్తాం, నా కళ్లు అలాంటివి."

ఇల్లాలు ఎప్పటిలా విసుక్కోలేదు. అందుకే ఆయనకి భయమేసింది. ఆవిడ బూజుకర్ర గోడకి ఆనించి, పక్కన కూర్చుని మెత్తగా అంది.

"పాపం, ఎన్నాళ్లని ఇలా అవస్థ పడతారు? లేజరు ఆపరేషన్ చేయించేద్దాం. ఇక కళ్లజోడుతో పనే ఉండదట. డాక్టరుతో ఫోన్లో మాట్లాడేశాను, రేపే పరీక్ష."

బాబాయి గబగబా లెక్కేసుకున్నాడు. కళ్లజోడు పోతే సాకు పోతుంది. సాకు పోతే ఆదివారం పోతుంది. ఆదివారం లేని బతుకు ఆయన ఊహకే అందలేదు.

"కళ్లజోడు లేకపోతే నా ముఖం నువ్వే గుర్తుపట్టలేవు."

"ఆ మాత్రం మార్పు నాకూ కావాలి లెండి."

సాయంత్రం ఆయన కళ్లజోళ్ల దుకాణం నడిపే స్నేహితుడి దగ్గరికి పరుగెత్తాడు. కంటి నెంబరు నిలకడగా లేకపోతే డాక్టర్లు లేజరు జోలికి వెళ్లరని అక్కడ తెలిసింది. బాబాయికి పోయిన ప్రాణం లేచొచ్చింది. అక్షరాలు తప్పులతడకగా చదివేస్తే సరి, నెంబరు దానంతటదే గంతులేస్తుంది.

మర్నాడు కళ్ల డాక్టరు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కు మీద అద్దాల ఫ్రేము పెట్టి, ఎదుటి గోడ మీది చార్టు చూపించాడు. ఇల్లాలు వెనకాల స్టూలు మీద బుద్ధిగా కూర్చుంది.

"పైన పెద్ద అక్షరం ఏంటండీ?"

"అక్షరమా? కిటికీ అనుకున్నాను."

డాక్టరు అద్దం మార్చాడు. "ఇప్పుడో?"

"ఇప్పుడు కిటికీ మూసేశారు."

మరో అద్దం వేశాడు. "పోనీ, ఇదెలా ఉంది?"

"గోడ ఎటు పోయిందండీ?"

డాక్టరు బుర్ర గోక్కున్నాడు. "ఇందాక యంత్రం మీ నెంబరు ఏమీ మారలేదంది. మీరేమో గోడే లేదంటున్నారు."

"యంత్రాల్ని నమ్మకండి డాక్టరుగారూ. రోజూ వాటితోనే కదా నా చాకిరీ."

అంతా అనుకున్నట్టే సాగుతోందని బాబాయి లోలోపల మురిసిపోయాడు. అప్పుడు వెనక నుంచి ఇల్లాలి గొంతు వినిపించింది.

"ఆ చార్టు పైన గోడగడియారం భలే ఉందండీ. ఎంత చక్కగా నడుస్తోందో."

"ఏం చక్కగా? సెకండ్ల ముల్లు వంగింది. నిమిషాల ముల్లు మీదికొచ్చినప్పుడల్లా తట్టుకుంటోంది, కనబడట్లేదూ?" అన్నాడు బాబాయి.

డాక్టరు కళ్లు చికిలించి గడియారం వైపు చూసి, లాభం లేక దాని దగ్గరిదాకా నడిచి వెళ్లి, తిరిగొచ్చాడు.

"నిజమేనండీ, వంగింది. అద్దాలుంటే మీది గద్దచూపు. ఆపరేషన్ మాత్రం వద్దు. చేస్తే దూరం బాగానే కనబడుతుంది కానీ, మీ వయసుకి దగ్గర చూపు చెడుతుంది. గడియారాల స్క్రూలు ఉత్తకళ్లతో చూడటం ఇక కుదరదు."

బూజు గొడవలో పడి బాబాయి అసలు సంగతి ఆలోచించనే లేదు. బయటికొచ్చాక ఇల్లాలితో అన్నాడు.

"నా నోటి దగ్గర కూడు తీసేసేదానివి కదోయ్."

"అది డాక్టరు నాకు ఫోన్లోనే చెప్పాడు. మన ఇల్లు నడిచేదే ఆ కళ్లతో. వాటి జోలికి నేను పోనిస్తానా?"

"మరి ఇక్కడికెందుకు లాక్కొచ్చావు?"

"మీ చూపు బాగుందని నేనంటే మీరు నమ్మరుగా."

ఆ మాటకి ఆయనకి సిగ్గు, ప్రేమ ఒక్కసారే పుట్టుకొచ్చాయి. ఇంటికెళ్లగానే బూజంతా దులిపేశాడు. కానీ పుట్టుకతో వచ్చిన బుద్ధి ఒక్కరోజులో పోతుందా?

మళ్లీ ఆదివారం వచ్చింది. ఇల్లాలు వంటింట్లోంచి ఎంత పిలిచినా పేపరు వెనక నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఆవిడ వచ్చి భుజం తడితే, చెవికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఏంటో, నిన్నటి నుంచీ ఏమీ వినబడట్లేదు."

"అయ్యో పాపం" అన్నట్టు తలూపి ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది. అక్కణ్నుంచి తనలో తనే గొణుక్కుంది.

"హాల్లో గడియారం ఆగిపోయినట్టుందే."

"ఆగడమేంటి, లక్షణంగా కొట్టుకుంటుంటే" అన్నాడు బాబాయి.

అనేశాక నాలిక కరుచుకున్నాడు. ఇల్లాలు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. బాబాయి పేపరు మడిచి, కళ్లజోడు సర్దుకుని, బూజుకర్ర ఎక్కడుందని కూడా అడక్కుండా లేచాడు.