సమ్మె దెబ్బ తగలని తండా

వెనుకబడి ఉండటంలో ఉన్న సుఖం మరి దేంట్లోనూ లేదు! ఈ మాట అన్నందుకు నన్ను ఉద్యమ ద్రోహి అన్నా సరే, జనగామ చౌరస్తాలో నిలబెట్టి నిలదీసినా సరే, వెనక్కి తీసుకోను.

తెలంగాణ రాష్ట్రం కోసం మొన్న జరిగిన సకల జనుల సమ్మెలో నాకు ఈ జ్ఞానోదయం కలిగింది. నలభై రెండు రోజులు! బస్సులు లేవు, బడులు లేవు, ఆఫీసులు లేవు. గనుల్లో బొగ్గు తీసేవాళ్ళు లేరు. ఆ రోజుల్లో ఎవరు ఎంత ఏడ్చారో నేను స్వయంగా తిరిగి చూశాను. అభివృద్ధిలో ముందున్నవాళ్ళు అందరికంటే ముందే ఏడుపు మొదలుపెట్టారు.

మా బావమరిది శ్రీశైలం హైదరాబాద్‌లో అయిదో అంతస్తులో ఉంటాడు. కరెంటు పోయి లిఫ్ట్ ఆగినప్పుడల్లా నాకు ఫోన్ చేసేవాడు. పిల్లల స్కూలు మూతపడిందట. ట్యూషన్ సారు రావడం మానేశాడట. మా చెల్లెలికి పళ్ళ డాక్టర్ అపాయింట్‌మెంట్ తప్పిపోయిందట. పాపం, ఎన్ని ఉంటే అన్ని కష్టాలు! ఇంట్లో ఏసీ ఉన్న పాపానికి చెమట కూడా వాళ్ళకే ఎక్కువ పట్టింది.

పేపర్లకు రాసుకునే నేను జనగామవాణ్ణి. సిటీకి రెండు గంటల దూరం కాబట్టి సగం అభివృద్ధి చెందిన మనిషిని. కనుక నా బాధ కూడా సగమే. బస్సు లేక అవస్థ పడ్డాను కానీ, ఆగిపోవడానికి మా ఇంట్లో లిఫ్ట్ లేదు.

భూపాలపల్లి దాటి కాటారం వైపు వెళితే బాధ ఇంకా తగ్గిపోయింది. అడవి అంచు ఊళ్ళో సారయ్య అనే రైతు కనిపిస్తే, కరెంటు కోతలతో ఇబ్బందిగా ఉందా అని సానుభూతిగా అడిగాను.

"ఏంది సారూ, మాకు కరెంటు వస్తెనే పరేషాన్. వచ్చిందని మోటరు కాడికి ఉరికేసరికి మల్ల పోతది. గిప్పుడు అసలే వస్తలేదు, పానం నిమ్మలంగున్నది" అన్నాడు.

చూశారా! బొగ్గు ఆయన పొరుగున తవ్వుతారు. దాని కరెంటు మా బావమరిది లిఫ్టుకు వెళుతుంది. బిల్లు కట్టే బెంగా, లిఫ్టులో ఇరుక్కునే భయమూ సారయ్యకు లేవు. ఇంతకంటే నిశ్చింత ఏం కావాలి?

పెద్ద చదువులు చదివిన మేధావులు మానవాభివృద్ధి సూచీ అని ఒకటి కనిపెట్టారు. ఎన్నేళ్ళు బతుకుతావు, ఎన్నేళ్ళు చదువుతావు, ఎంత సంపాదిస్తావు అని లెక్కలు తీసి ఒక్కో ప్రాంతానికి మార్కులు వేస్తారు. అంత శ్రమ దేనికండీ? ఒక సమ్మె పెట్టి చూడండి. ఎవరికి ఎంత నొప్పి పుడితే వాళ్ళు అంత అభివృద్ధి చెందినట్టు! దీనికి 'సమ్మె నొప్పి సూచీ' అని నేనే పేరు పెట్టుకున్నాను. ఇక సున్నా మార్కులు వచ్చే ఊరొకటి దొరికితే నా సిద్ధాంతం పూర్తవుతుంది.

దొరికింది! మహబూబాబాద్‌లో రైలు దిగి, ఆటో ఎక్కి, ఆటో దిగి, నాలుగు కిలోమీటర్లు ఎడ్లబండి బాటన నడిస్తే వచ్చే లంబాడా తండా. సమ్మె మొదలై మూడు వారాలైన రోజులవి. తండా పెద్ద అమర్‌సింగ్ నాకు మంచం వాల్చాడు. సమ్మె వల్ల మీకేం ఇబ్బంది అని అడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించాడు.

"బస్సు బందయింది" అన్నాడు చివరికి.

"మీకు బస్సు వస్తుందా?"

"రాదు."

"మరి దవాఖాన?"

"గది మానుకోటల ఉంటది." మహబూబాబాద్‌ను అక్కడ అందరూ మానుకోట అనే అంటారు. "గందుకే సారూ, మాకేం తెలుస్తలేదు. ఏమేం బందయినయో జర మీరే చెప్పాలె."

వెంటనే నోట్‌బుక్ తీసి మార్కులు వేసుకున్నాను. సున్నా!

అంతలో సీతాబాయి అనే ముసలామె అడ్డం వచ్చింది. కొడుకూ కోడలూ పట్నంలో మేస్త్రీ పనికి పోతే, మనవరాలు నవ్యను ఆమే సాకుతోంది. నవ్య అయిదో తరగతి. ఎండాకాలంలో గురుకులం పరీక్ష రాయాలి.

"సీటొస్తె ఆడనే ఉండి సదువుకుంటది. రాకపోతె నాతోని మిర్చి ఏర వస్తది" అంది సీతాబాయి. "సమ్మె మొదలైననాడు మా బడి సారు వచ్చిండు. ఎన్ని నెలలకు వచ్చిండో! బడి తెరిసిండ్రని నేను పిల్లకు తల దువ్వి, సంచి తగిలిచ్చి పంపిన. గాయన బడి బంద్ చేస్తందుకు వచ్చిండంట!"

సారు ఆ రోజు తలుపుకు బ్యానర్ కట్టి, పిల్లల్ని నిలబెట్టి నినాదాలు చెప్పించి, ఫొటో తీసుకుని వెళ్ళాడట. మూసే ఉన్న బడిని మూయడానికి అంత దూరం రావడమంటే మాటలా! ఎంత నిబద్ధత!

తండావాళ్ళ నిబద్ధత అంతకంటే పెద్దది. నేను వెళ్ళిన మర్నాడు వంటావార్పు పెట్టుకున్నారు. అంటే రోడ్డు మీదే వండుకుని, అక్కడే తిని, బండ్లు కదలకుండా చేయడం. అయితే అడ్డుకోవడానికి తండాకు రోడ్డు లేదు. వంట గంజులు, బియ్యం, కట్టెలు నెత్తిన పెట్టుకుని నాలుగు కిలోమీటర్లు నడిచి పెద్ద రోడ్డుకు వెళ్ళారు, నేనూ వెంట నడిచాను. మూడు రాళ్ళ పొయ్యి పెట్టి పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కూర్చున్నారు. సమ్మె కదా, ఒక్క బండీ రాలేదు. రాస్తారోకో ఇంత విజయవంతం కావడం నేనెక్కడా చూడలేదు.

అన్నం ఉడికే వేళకు ఒక మోటార్ సైకిల్ వచ్చింది. అందరూ ఉత్సాహంగా లేచి అడ్డుకున్నారు. తీరా చూస్తే బడి సారు! మానుకోటలో దీక్షా శిబిరానికి వెళుతున్నాడు. కూర్చోబెట్టి అన్నం పెట్టారు. ఆయన మెచ్చుకుంటూ తిన్నాడు.

"ఎట్లాగూ కూసున్నవ్ గద సారూ, పిల్లకు జర బాగారాలు చెప్పు. గదొక్కటి వస్తలేదంట" అని సీతాబాయి నవ్యను ముందుకు తోసింది. ఆ పిల్ల లెక్కల పుస్తకం వెంట తెచ్చుకుంది, భాగహారాల పేజీ తీసి పట్టుకుంది.

"సమ్మెల ఉన్న అవ్వా. గిప్పుడు ఒక్క లెక్క చెప్పినా ఉద్యమానికి ద్రోహం చేసినట్టయితది. సమ్మె అయిపోంగనే వస్త, మంచిగ చెప్త."

"సమ్మె లేకముందు గూడ రాకపోతివి గద సారూ."

సారు నీళ్ళు తాగి, లేచి, పిడికిలి ఎత్తి "జై తెలంగాణ" అన్నాడు. తండా అంతా ఒక్క గొంతుతో "జై తెలంగాణ" అంది. నేనూ అన్నాను.

తర్వాత సమ్మె ముగిసింది. పోయిన పాఠాలు ఆదివారాలు కూడా చెబుతామని ఊరూరా సార్లు మాట ఇచ్చారు. శ్రీశైలం లిఫ్ట్ ఎక్కాడు, నేను బస్సెక్కాను. నెల దాటాక, సున్నా నొప్పి ఊరి ఫొటో ఒకటి ఈ వ్యాసానికి అందంగా ఉంటుందని మళ్ళీ తండాకు వెళ్ళాను.

బడికి తాళం వేసి ఉంది. మెట్టు మీద నవ్య ఒక్కతే కూర్చుని ఉంది. తల శుభ్రంగా దువ్వి ఉంది. లెక్కల పుస్తకంలో భాగహారాల పేజీ తెరిచి ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది.

"సారూ, మీరు పేపరోళ్ళు గద, మీకు తెలుస్తది. సమ్మె ఎప్పుడు అయిపోతది?"

నాకు సిగ్గేసింది. నొప్పి లేదని నేను సున్నా వేసుకున్నది ఈ పిల్లకే. మన నీళ్ళూ మన ఉద్యోగాలూ ఎవరో ఎత్తుకుపోయారని పదేళ్ళుగా రాస్తున్న చేయి నాది. ఆ రాతలన్నీ నిజమే, రాష్ట్రం రావాలి, వచ్చి తీరాలి. కానీ ఈ పిల్ల బడి సారు కోస్తా నుంచి వచ్చినవాడు కాదండీ. మానుకోటలో ఇల్లు కట్టుకున్న మన మనిషి. మన జెండా పట్టుకుని నా పక్కనే కూర్చుని అన్నం తిన్న మనిషి. ఆ రోజు నేను మాత్రం ఆయన్ని ఏమడిగాను?

సమ్మె అయిపోయి నెల దాటిందని నవ్యకు చెప్పలేకపోయాను. చెబితే, మరి సారు ఎందుకు రాలేదని అడుగుతుంది.