సూక్ష్మజీవుల మరణ ధ్రువపత్రం

ప్రాణమున్న ఏ జీవినీ నలభై డిగ్రీలకు మించిన వేడిలో ఉంచరాదని జీవసుఖ శాఖ ఆదేశం జారీ చేయడంతో లోకంలో బాధ అన్నది అధికారికంగా ముగిసింది. (ఆ ఆదేశానికి నకళ్ళు తీసిన గుమాస్తాలు రేకుల షెడ్డులో ఉడికిపోతున్న మాట వాస్తవమే. కాని వాళ్ళు సిబ్బంది, జీవుల పద్దులోకి రారు.)

చిక్కల్లా కుంపటి పిన్నికే వచ్చింది. పరిశోధనశాలలో చిన్నాపెద్దా అందరూ ఆవిణ్ణి అలాగే పిలుస్తారు. సముద్రం అడుగున, సలసల కాగే నీళ్ళు చిమ్మే పగుళ్ళ దగ్గర దొరికిన సూక్ష్మజీవుల్ని సీసాల్లో బిగించి, తొంభై డిగ్రీల పెట్టెలో సాకడం ఆవిడ ఉద్యోగం. ఆ వేడి తగ్గితే అవి పెరగవు. పెట్టె ఎక్కడ చల్లబడుతుందోనని తొమ్మిదేళ్ళుగా ఆవిడ సెలవు పెట్టి ఎరగదు.

తనిఖీ అధికారి వచ్చి పెట్టె మీద చెయ్యి వేసి, చురుక్కుమనేసరికి వెనక్కి లాక్కున్నాడు.

"ఎంత ఘోరం! మీకు పిల్లల్లేరా అమ్మా?"

"ఇవీ పిల్లల్లాంటివే బాబూ. వీటికి ఈ వేడే హాయి."

"అని అవి చెప్పాయా?"

వారంలోగా పెట్టె ఆపెయ్యాలని నోటీసు అంటించి వెళ్ళాడు. మినహాయింపు కావాలంటే లబ్ధిదారులు స్వయంగా హాజరై, వేడి తమకు ఇష్టమేనని చెప్పుకోవాలట.

పిన్ని ఒక సీసాను ఫ్లాస్కులో పెట్టి ఒళ్ళో పట్టుకుని ఆఫీసుకు వెళ్ళింది. బంట్రోతు గుమ్మంలో నిలబడి, "సూక్ష్మజీవులూ! సూక్ష్మజీవులూ! సూక్ష్మజీవులూ!" అని నిబంధన ప్రకారం ముమ్మారు కేకేశాడు. ఎవరూ పలకలేదు. గైర్హాజరు. మర్నాడూ అంతే. మూడోనాడు పిన్నికి కళ్ళనీళ్ళు తిరిగాయి. ("ఒక్కసారి పలకండర్రా" అని ఆవిడ ఫ్లాస్కును బతిమాలిందని గిట్టనివాళ్ళు చెబుతారు. బతిమాలిన మాట నిజమే.)

పక్క బల్ల గుమాస్తా ఆవిణ్ణి సైగ చేసి పిలిచాడు. ఆయన పదవీ విరమణకు దగ్గరపడ్డాడు కనుక జాలి తిరిగి మొలకెత్తుతోంది.

"బతికున్నాయని రుజువు కావాలంటే పద్నాలుగు సంతకాలు చెల్లెమ్మా, ఈ జన్మకి అవదు. మూడు వాయిదాలకీ పలకలేదు కాబట్టి చనిపోయాయని రాయమంటే చెప్పు. సంతకం ఒక్కటే. అదీ నాదే."

"చనిపోయినవాటిని వేడిలో పెట్టుకోవచ్చా అన్నయ్యగారూ?"

"ఆదేశం ప్రాణమున్నవాటికే కదా! పోయినవాళ్ళ సుఖం మా శాఖది కాదు."

పిన్ని ఆగలేదు. "రాసెయ్యండి. అందరూ పోయారు."

ధ్రువపత్రం పెట్టె మీదికెక్కింది. నెల తిరిగేసరికి నాలుగు సీసాల మృతులు నలభై సీసాలయ్యారు. మళ్ళీ తనిఖీకి వచ్చిన అధికారి లెక్కపెట్టి, చేతులు కట్టుకుని, రెండు నిమిషాలు మౌనం పాటించి మరీ వివరాలు రాసుకున్నాడు.

ఆ ఏటి నివేదికలో శాఖ సగర్వంగా ప్రకటించింది: తమ పరిధిలో ఏ ఇబ్బందీ లేకుండా వృద్ధిలోకి వస్తున్న వర్గం మృతులు మాత్రమే.