చెరువులో మా అక్క కాపురం

డిజిటల్ మ్యాపు కావాలని మునిసిపల్ ఆఫీసుకు వెళ్లినవాడికి అది వెంటనే దొరక్కపోవడం కన్నా మేలు ఈ లోకంలో మరొకటి లేదని నా గట్టి నమ్మకం. నవ్వకండి! కాస్త నిదానంగా ఆలోచిస్తే మీరే నా దారికి వస్తారు.

మ్యాపు చేతికొచ్చిందనుకుందాం. ఏం చేస్తారు? ముందు మీ ఇల్లు వెతుక్కుంటారు. తరువాత పక్కింటాయన గోడ చూస్తారు. అది మీ వైపు జానెడు జరిగినట్టు కనబడుతుంది. ఇక ఆ పూట నుంచి మీకు అన్నం సహించదు, ఆయనకు మీ మొహం సహించదు. నిన్నటిదాకా ఒకే పేపరు చదువుకున్న రెండిళ్లవాళ్లు ఎడమొహం పెడమొహం అవుతారు. ఇదంతా ముందే ఊహించి, మన సఖ్యత కోసం నానా మాటలూ పడుతూ, మ్యాపును బీరువాలో దాచి ఉంచే ఉద్యోగులను ఏమనాలి? త్యాగమూర్తులు అనాలి! ఈ కాలమ్‌లో నేను ఇరవై ఏళ్లుగా అంటున్నది అదే.

మా అక్క మాత్రం ఒప్పుకోదు. తోడబుట్టినవాళ్లే మన గొప్పతనం గుర్తించరు, ఏం చేస్తాం.

మా అక్క టైలరు. మునిసిపల్ ఆఫీసుకు కూతవేటు దూరంలో, వెనకవైపు సందులో ఉంటుంది. ముందుగదిలో కుట్టుమిషను, లోపలి గదిలో మా బావగారు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. ఆయనకు ఆయాసం ఉంది. అది చెప్పా పెట్టకుండా వస్తుంది. వచ్చినప్పుడల్లా అక్క ఫోన్ చేసేది, అంబులెన్సు డ్రైవరు సందు మొదట్లో మంగలి షాపు దగ్గర ఆగి "టైలరమ్మ ఇల్లెటు?" అని అడిగేవాడు, పది నిమిషాల్లో ఆక్సిజను గుమ్మంలో ఉండేది. ఎంత అనాగరికమో చూడండి! కోట్లాది రూపాయల శాస్త్ర విజ్ఞానం ఉండగా మంగలిని దారి అడగడమా?

ఆ అనాగరికత పోయింది. ఇప్పుడు అంబులెన్సులో మునిసిపాలిటీ వారి డిజిటల్ మ్యాపు పెట్టారు. డ్రైవరు తెర మీద చూపించిన దారిలోనే నడపాలి. అడుగు పక్కకు వేస్తే మర్నాడు సంజాయిషీ రాసివ్వాలి.

మొన్నామధ్య ఒక మధ్యాహ్నం బావగారికి ఆయాసం వచ్చింది. అక్క ఫోన్ చేసింది. పావుగంట తరువాత డ్రైవరే తిరిగి ఫోన్ చేశాడు.

"అమ్మా, మేం వచ్చేశాం. గట్టు దగ్గరున్నాం. మీరు ఏ ఒడ్డునున్నారు?"

"ఒడ్డేంటి బాబూ? నేను వంటింట్లో ఉన్నాను!"

"మీ ఇల్లు చెరువు మధ్యలో చూపిస్తోందమ్మా. దారి లేదంటోంది."

అక్క కిటికీలోంచి చూసింది. ఎదురింటి దండెం మీద బట్టలు ఆరుతున్నాయి. సందులో చుక్క నీరు లేదు. నిజానికి కుళాయిలో కూడా లేదు. ఇక వాదించడానికి టైము లేక, నలుగురు ఇరుగుపొరుగువాళ్లు బావగారిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, కుర్చీతో సహా మోసుకుంటూ మెయిన్ రోడ్డు దాకా పరుగెత్తారు. ఆ స్థితిలో కూడా మా బావగారు ఊపిరికీ ఊపిరికీ మధ్య, "నాకు... ఈత... రాదు" అన్నారట.

బతికారు. ఇంకో పది నిమిషాలు ఆలస్యమైతే, అంటూ డాక్టరు మాట మధ్యలో ఆపేశాడు. అక్క ఇంటికొచ్చి కుట్టుమిషను ముందు కూర్చుని చాలాసేపు ఏడ్చింది. మర్నాడు లేచి, ఆ చెరువు సంగతేదో తేల్చుకుంటానని ఆఫీసుకు బయలుదేరింది.

ఇప్పుడు మన ఉద్యోగుల కార్యదక్షత చూడండి! మ్యాపుల సెక్షన్‌లో ఉండే మేడం చాలా మర్యాదస్తురాలు. కుర్చీ చూపించి, అన్నీ ఆన్‌లైన్లోనే ఉన్నాయమ్మా, షీటు నంబరు కొట్టగానే వచ్చేస్తుంది, అని చెప్పింది.

"షీటు నంబరు ఎక్కడుంటుందండీ?"

"షీటు మీదే ఉంటుందమ్మా."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అనలేదు పెద్దలు. అయితే అక్క కూడా తక్కువది కాదు. సరిగ్గా కుదరని జాకెట్టును ఏడుసార్లు విప్పి కుట్టిన ఓర్పు ఆవిడది. ఏడోసారి వెళ్లేసరికి మేడం కరిగి, మీ సందు ఉన్న షీటు డిజిటల్ కాపీ ఇస్తాను రండి అంది. అక్క పెన్‌డ్రైవ్ పట్టుకెళ్లింది. మేడం చేటంత కాగితం చుట్టి చేతిలో పెట్టింది.

"ఇందులో డిజిటల్ ఏముందండీ?"

"కంప్యూటర్లోంచే కదమ్మా తీశాం!"

అక్షరాలా నిజం. అక్క ఆ చుట్ట చంకన పెట్టుకుని ఇంటికొచ్చింది.

ఆ కాగితాన్ని అక్క కత్తిరింపుల బల్ల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు దారపు రీళ్లు పెట్టింది. బావగారు కళ్లజోడు పెట్టుకుని వంగారు. నేనూ ఉన్నాను. సందు ఉండాల్సిన చోట నీలంగా, నిండుగా ఒక చెరువు. చూడముచ్చటగా ఉంది! నేను ఆ మాటే అంటే అక్క నావైపు చూసిన చూపు ఇక్కడ రాయను.

అక్క చాలాసేపు దాన్నే చూసి, "ఇంత గుండ్రంగా చెరువు ఎక్కడైనా ఉంటుందిరా?" అంది. మెడలోని టేపు తీసి కొలిచింది. అడ్డంగా ఒకటిన్నర అంగుళం, నిలువుగా ఒకటిన్నర అంగుళం. చెరువు అంచు లోపల చుట్టూ చిన్న చిన్న దీవులున్నాయి. బావగారు ఒక్కో దీవి మీద వేలు పెడుతూ వచ్చారు. "ఇది 'పు' లా లేదూ? పక్కది 'ర'. మళ్లీ 'పా'..." అంటూ తిరిగారు. ఒక చుట్టు పూర్తయ్యేసరికి పురపాలక సంఘం అని వచ్చింది.

అక్క తన అర్జీ తాలూకు రసీదు తెచ్చి, దాని మీది రబ్బరు స్టాంపు మీద టేపు పెట్టింది. ఒకటిన్నర అంగుళం!

జరిగింది ఇదీ. పాత కాగితం మ్యాపులను కంప్యూటర్లోకి ఎక్కించమని ఒక కాంట్రాక్టరుకు అప్పగించారు. నీలం గీత కనబడితే నీళ్లు, పచ్చ గీత కనబడితే పార్కు, సొంత తెలివి వాడరాదు, అని అతనికి రాతపూర్వకంగా చెప్పారు. పాత షీటు మీద మా అక్క ఇంటి నెత్తిన ఎప్పుడో ఎవరో నీలం ఇంకుతో స్టాంపు కొట్టారు. అతను దాన్ని చెరువుగా గీశాడు. పక్కన పెద్దసారు పచ్చ ఇంకుతో పెట్టిన సంతకం ఉంది. అది మూడు మలుపులు తిరిగి చివర తోక ఉన్న పార్కు అయింది. సొంత తెలివి వాడలేదు కాబట్టి అతని తప్పేమీ లేదు.

ఒక ఊరికి చెరువు రావాలంటే ఎంత భగీరథ ప్రయత్నం కావాలి? ఎన్ని తట్టల మట్టి ఎత్తాలి? మనవాళ్లు ఒక్క చేతి దెబ్బతో తెప్పించారు! దీన్ని పొగడకుండా ఎలా ఉండను?

అక్క మాత్రం షీటూ రసీదూ పట్టుకుని మేడం దగ్గరికి వెళ్లింది. "బట్ట మీద ఇంకు మచ్చ పడితే నేను దాన్ని జేబనుకుని కుట్టేస్తానా అండీ?" అని అడిగింది. మేడం కూడా పాపం నొచ్చుకుంది. అప్పటికప్పుడు చెరువు తీయించి, సందు గీయించి, కొత్త షీటు ముద్రించింది. అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతలో మేడం స్టాంపు తీసి, ఇంకు అద్ది, కొత్తగా గీసిన సందు మీద ఠపీమని కొట్టింది.

"అయ్యయ్యో! పక్కన కొట్టొచ్చు కదండీ!"

"సవరణ మీదే పడాలమ్మా. లేకపోతే ఎవరో దొంగతనంగా దిద్దారనుకుంటారు."

ఆ షీటు స్కాన్ అయి, కాంట్రాక్టరు దగ్గరికి వెళ్లి, తిరిగి కంప్యూటర్లోకి వచ్చింది. చెరువు మళ్లీ వెలిసింది, ఈసారి కాస్త పక్కకు జరిగి మంగలి షాపును కూడా కలుపుకుని. అక్క మళ్లీ అర్జీ పెట్టింది. స్టాంపు రెండుసార్లు పడింది. కవల చెరువులు! మా అక్క ఎక్కే గుమ్మం దిగే గుమ్మంగా తిరిగినకొద్దీ ఊళ్లో జలసంపద పెరిగింది. ఈ ఏడాది జలవనరుల నివేదికలో మన మునిసిపాలిటీ ఎంతో ముందంజ వేసిందని విన్నాను. అందులో మా కుటుంబం వాటా ఉందని చెప్పుకోవడానికి నాకు గర్వంగా ఉంది.

ఇలా కాదు, మనిషిని పంపి కళ్లతో చూడండి, అని అక్క పట్టుబట్టింది. పంపారు. సర్వేయరు చేతిలో ట్యాబ్లెట్ పట్టుకుని వచ్చాడు. మంచి మనిషి. ముందుగదిలో కూర్చుని, అక్క ఇచ్చిన టీ తాగుతూ, తెర చూసి ఇబ్బందిగా కదిలాడు. తెర ప్రకారం ఆయన చెరువు నడిబొడ్డున కూర్చుని టీ తాగుతున్నాడు.

"అమ్మా, ఇక్కడ లోతెంతో రాయాలి."

"మీ బూట్లు తడిశాయా నాయనా?"

"లేదమ్మా. కానీ సున్నా కొడితే తీసుకోవట్లేదు. లోతు రాయకపోతే అసలు నేను వచ్చినట్టే ఎక్కదు."

చివరికి ఆయన జాలిపడి, ఎంత తక్కువ రాయగలడో అంత తక్కువగా, మోకాలి లోతు అని రాశాడు. మీకు ఏ ఇబ్బందీ రాదమ్మా, అని ధైర్యం కూడా చెప్పి వెళ్లాడు.

దాంతో గోరుచుట్టు మీద రోకటిపోటు పడింది. అంతవరకు అది కాగితం మీది చెరువు. ఇప్పుడు అధికారి స్వయంగా వెళ్లి, లోతు చూసి, ధ్రువీకరించిన చెరువు. మరి చెరువు మధ్యలో ఇల్లు కట్టుకుంటే దాన్ని ఏమంటారు? ఆక్రమణ అంటారు! వారం తిరక్కుండా నోటీసు వచ్చింది. ముప్పై రోజుల్లో ఖాళీ చేయకపోతే యంత్రంతో కూలుస్తామని.

ఆ నోటీసు తెచ్చినాయన స్కూటరు సరిగ్గా గుమ్మం ముందు ఆగింది. డోరు నంబరు తప్పలేదు. ఇంటిపేరు తప్పలేదు. కాలింగ్ బెల్లు పనిచేయదని తెలిసినట్టు తలుపే తట్టాడు.

అక్క నోటీసు చదవలేదు. "ఆఫీసు నుంచి ఎంతసేపట్లో వచ్చారండీ?" అని అడిగింది.

"ఐదు నిమిషాలమ్మా."

"మ్యాపు చూసుకునే వచ్చారా?"

"మ్యాపెందుకమ్మా? మంగలి షాపు దగ్గర టైలరమ్మ ఇల్లెక్కడని అడిగాను, చెప్పారు."

అక్క ఆయనకు మంచినీళ్లిచ్చి, ఫోన్ నంబరు అడిగి తీసుకుని, గోడకు అంటించింది.

తొమ్మిదో రోజు ఉదయం బావగారికి మళ్లీ ఆయాసం. అక్క ముందు నోటీసాయనకు, తరువాత అంబులెన్సుకు ఫోన్ చేసింది. ఆయన స్కూటరు మీద మెయిన్ రోడ్డుకు వెళ్లి, గట్టు మీద ఆగిపోయిన అంబులెన్సు ముందు నిలబడి, నా వెనకాల రండి, అన్నాడట. తెర మాత్రం, ముందు నీళ్లున్నాయి, వెనక్కి తిరగండి, అని అరుస్తూనే ఉంది. సంజాయిషీ నేను రాసిస్తానని నోటీసాయన అంటే డ్రైవరు కళ్లు మూసుకుని చెరువులోకి దించాడు. పన్నెండు నిమిషాల్లో ఆక్సిజను అందింది. బావగారు ఇప్పుడు కులాసా.

నేను వెంటనే అక్క దగ్గరికి పరుగెత్తి, చూశావా, ఎంత మంచి ఉద్యోగులో, నేను చెబితే విన్నావు కావు, అన్నాను. అక్క మిషను ఆపింది.

"ఒరేయ్, ఆయన మంచివాడే. ఆ మేడమూ మంచిదే, సర్వేయరూ మంచివాడే. మరి మీ బావ ప్రాణానికి దొరకని దారి, నా కొంప కూల్చే కాగితానికి ఎలా దొరికిందిరా?"

నేను నోరు తెరిచేలోగా అక్క తెల్లకాగితం తెచ్చి ముందు పెట్టింది.

"రచయితవు కదా. నేను చెబుతాను, రాయి."

రాశాను. అక్షరం మార్చకుండా ఇక్కడ ఇస్తున్నాను.

"అయ్యా, మా ఇల్లు చెరువులో ఉందని ఈ నెలాఖరున కూల్చబోతున్నారు. మీ యంత్రం మా గుమ్మం దాకా ఏ దారిన వస్తుందో, దయచేసి ఆ దారి ముందుగా అంబులెన్సు వాళ్లకు చూపించగలరు."